షుగర్ ఉన్నవాళ్లు పండు తినే పద్ధతి: ఎంత, ఎప్పుడు, దేనికి బదులు

ఏప్రిల్ రాగానే నున్న మార్కెట్ దగ్గర లారీలు బారులు తీరతాయి. నూజివీడు వైపు నుంచి బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు దిగుతాయి. అప్పటి నుంచి బెజవాడలోనైనా గుంటూరులోనైనా షుగర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: మామిడిపండు తినొచ్చా? ఒకరు అసలు ముట్టుకోవద్దంటారు. ఇంకొకరు పండులో ఉన్నది సహజమైన తీపి, ఏమీ కాదంటారు. రెండు మాటలూ నమ్మకండి. తినొచ్చు. కాకపోతే తూచి తినాలి, కంచంలో దేన్నో ఒకదాన్ని తగ్గించి దాని బదులు తినాలి, తిన్నాక షుగర్ ఎంత పెరిగిందో చూసుకోవాలి.

"ఇవి తినదగిన పళ్లు, ఇవి తినకూడని పళ్లు" అని రాసి ఫ్రిజ్‌కి అంటించుకునే జాబితాల వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. జామ మంచిదన్నారని పూటకు నాలుగు కాయలు తినేవాళ్లున్నారు. మామిడి వద్దన్నారని నెలంతా నోరు కట్టుకుని, ఒకరోజు ఎవరూ చూడకుండా రెండు పెద్దరసాలు పీల్చేసేవాళ్లున్నారు. ఇద్దరికీ షుగర్ పెరుగుతుంది. పండు పేరు కన్నా దాని బరువు ముఖ్యం.

ఒక వాటా అంటే ఎంత

పండు లెక్కంతా ఒక్క అంకె మీద నడుస్తుంది: 15 గ్రాముల పిండిపదార్థం. డాక్టర్లు కార్బ్స్ అనేది దీన్నే. పండులో ఉండే చక్కెర కూడా ఇందులో భాగమే. 15 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత పండును ఒక వాటా అనుకోండి. చాలామందికి రోజుకు రెండు వాటాలు సరిపోతాయి, అవి కూడా వేర్వేరు పూటల్లో. షుగర్ ఇంకా అదుపులోకి రానివాళ్లు ఒక వాటాతో మొదలుపెట్టాలి.

మామిడితో లెక్క చూద్దాం. మామిడి కండలో 100 గ్రాములకు సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అంటే 100 గ్రాముల కండ సరిగ్గా ఒక వాటా. ఇప్పుడు ఒక బంగినపల్లి పండును వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. 400 గ్రాములు తూగిందనుకుందాం. టెంకకు అటూ ఇటూ రెండు చెక్కలు కోసి, కండ తీసి, తొక్కనూ టెంకనూ విడిగా తూచండి. అవి 130 గ్రాములు ఉంటే కండ 270 గ్రాములు. అంటే ఒక్క పండులో 40 గ్రాముల పిండిపదార్థం, దాదాపు మూడు వాటాలు. "ఒక పండే కదా తిన్నాను" అన్నప్పుడు జరిగే పొరపాటు ఇదే. ఇంత పండులో ఒక చెక్క వాటాకు దగ్గరగా ఉంటుంది. టెంక చీకడం కూడా లెక్కలోకే వస్తుంది. ఎంత తిన్నారో తెలియాలంటే చీకకముందు ఒకసారి, చీకాక ఒకసారి తూచండి. మొదటిసారి చేసినవాళ్లు ఆ తేడా చూసి ఆశ్చర్యపోతారు.

రసాలకూ ఇదే పద్ధతి. పీల్చకముందు పండు బరువు, పీల్చాక తొక్కా టెంకల బరువు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మీ కడుపులోకి వెళ్లిందెంతో తేలుతుంది. ప్రతిరోజూ తూచాల్సిన పని లేదు. ఒక్కో రకం పండును రెండు మూడుసార్లు తూచితే ఆ తర్వాత చూపుకే అందుతుంది.

మిగతా పళ్ల వాటాలు, తొక్క, గింజ తీసేసిన బరువుల్లో: కర్పూర అరటి లాంటి చిన్నది ఒకటి, 65 గ్రాములు, పొడుగాటి పెద్ద అరటిపండైతే సగమే. సపోటా 75 గ్రాములు, అంటే మధ్యరకం పండు ఒకటి. సీతాఫలం గుజ్జు 65 గ్రాములు, సుమారు సగం పండు. పనస కూడా 65 గ్రాములే, రెండు మూడు తొనలు. ద్రాక్ష 85 గ్రాములు, లెక్కపెడితే పదిహేను పైచిలుకు. దానిమ్మ గింజలు 80 గ్రాములు. రేగుపళ్లు 75. యాపిల్ చిన్నది ఒకటి. బత్తాయి ఒకటి, కమలా అయినా ఒకటే. బొప్పాయి ముక్కలు ఒక కప్పు, 140 గ్రాముల దాకా. పుచ్చకాయ 200 గ్రాములు. నేరేడు 100 గ్రాములు.

జామకాయ గురించి విడిగా చెప్పాలి. 100 గ్రాములకు 5 గ్రాముల పైన పీచు ఉంటుంది, మన బజారులో దొరికే పళ్లలో ఇంత పీచు ఉండేవి తక్కువ. దోరగా ఉన్నది ఒకటి, 150 గ్రాముల దాకా, గింజలతో సహా నమిలి తినొచ్చు. బండి మీద చీల్చి కారం, ఉప్పు అద్ది ఇస్తారు. బీపీ కూడా ఉన్నవాళ్లు ఆ ఉప్పు వద్దనండి. ఇక తాటి ముంజలు లేతవైతే నీళ్లే ఎక్కువ, రెండు మూడు తింటే భయపడక్కర్లేదు. ముదిరినవి అరగవు, వదిలేయండి.

పుచ్చకాయ విషయంలో చాలామంది గందరగోళపడతారు. అది రక్తంలోకి తొందరగా ఎక్కే పండు, నిజమే. కానీ అందులో నూటికి తొంభై పాళ్లు నీళ్లు, 100 గ్రాములకు చక్కెర ఆరేడు గ్రాములే. అందుకే 200 గ్రాములు తింటే షుగర్ పెద్దగా కదలదు. మే నెల ఎండలో దాహానికి సగం కాయ తినేస్తే మాత్రం కదులుతుంది.

పెరుగన్నంలో మామిడిపండు

మన వైపు మామిడిపండు ఎక్కువగా తినేది పెరుగన్నంలోకే. చిక్కు వచ్చేదీ అక్కడే. పప్పన్నం, కూరన్నం, చారన్నం అయ్యాక కంచంలోకి మళ్లీ అన్నం పడుతుంది, పెరుగు పడుతుంది, పక్కన పండు పడుతుంది. వండిన అన్నంలో 100 గ్రాములకు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మధ్యాహ్నం మొత్తం మీద 300 గ్రాముల అన్నం తింటే అదే 84 గ్రాములు. దాని మీద మొత్తం బంగినపల్లి పండు 40. రెండూ ఒకేసారి కడుపులోకి వెళ్లాక, రెండు గంటలకు షుగర్ 280 చూపిస్తే తప్పు మామిడిది అంటారు. అందులో మూడింట రెండు వంతులు అన్నానిది.

మామిడి పెరుగన్నం మానలేనివాళ్లు ఇలా చేయండి. ఒక వాటా పండుకు 55 గ్రాముల అన్నం తీసేయాలి, అంటే వడ్డించే చిన్న గరిటెడు. చపాతీలు తినేవాళ్లు ఒక చిన్న పుల్కా తగ్గించుకోవాలి. తగ్గించడం చారన్నం దగ్గర చేయండి, అక్కడ తగ్గినట్టే తెలియదు. కంచంలో మొదట ఒక కప్పు కూర, పప్పు తినేయండి. బెండ, దొండ, బీర, గోరుచిక్కుడు ఏదైనా సరే, దుంపకూర కానిది. ఆఖరున రెండు ముద్దల అన్నం, ఎక్కువ పెరుగు, 100 గ్రాముల మామిడి ముక్కలు. అన్నంలో పండు పిసికేస్తే ఎంత వేశారో తెలియదు కాబట్టి ముక్కలు పక్కన చిన్న గిన్నెలో పెట్టుకుని నంజుకోండి. ఆ గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపకూడదు, అదే హద్దు. పొద్దున టిఫిన్‌లో ఇంకో పండు తిని ఉంటే దాన్ని మర్చిపోవద్దు.

తినే ముందు మామిడిపళ్లను బకెట్ నీళ్లలో నానబెట్టడం మంచి అలవాటే. సొన, మట్టి పోతాయి. దానివల్ల తీపి తగ్గదు.

ఏ పూట, దేంతో కలిపి

మధ్యాహ్నం అన్నానికీ రాత్రి భోజనానికీ మధ్య, నాలుగు ఐదు గంటలప్పుడు పండుకు మంచి వేళ. అప్పటికి మధ్యాహ్నం తిన్నది అరిగి, షుగర్ కిందికి దిగి ఉంటుంది. పొద్దున టిఫిన్‌కీ మధ్యాహ్నానికీ నడుమ పదకొండు గంటలు కూడా సరే. పరగడుపున పండు మంచిదని చాలామంది చెబుతారు కానీ, పొద్దున్నే ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లకు ఆ వేళే షుగర్ ఎక్కువ ఎగురుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు పొద్దున పూట పండు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

పండును ఒంటరిగా తినకండి. దాంతోపాటు గుప్పెడు వేయించిన పల్లీలో, ఏడెనిమిది బాదం పప్పులో, చక్కెర వేయని పెరుగో ఉంటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. శ్రావణ మాసం పేరంటాల్లో ఈ జోడీ తాంబూలంలోనే వస్తుంది: అరటిపండు, నానబెట్టిన శనగలు. నాలుగిళ్లు తిరిగొస్తే డజను అరటిపళ్లు పోగవుతాయి. పాడైపోతాయని రెండు రోజుల్లో తినేయకండి, పంచేయండి. శనగలు ఉడికించి తాళింపు వేసుకుని, గుప్పెడు శనగలతో ఒక చిన్న అరటిపండు తింటే ఆ సాయంత్రానికి సరి. అరటిపండు మచ్చలు పడి మెత్తబడ్డ కొద్దీ అందులోని పిండి చక్కెరగా మారిపోతుంది. కాబట్టి తొడిమ దగ్గర ఇంకా కాస్త ఆకుపచ్చగా ఉన్నప్పుడే తినండి.

తిన్న పావుగంటకు లేచి పది పదిహేను నిమిషాలు నడవండి. డాబా మీదైనా సరే.

జ్యూస్, తాండ్ర, ఖర్జూరం

జ్యూస్ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి: వద్దు. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు. పీచు జల్లెడలో ఉండిపోతుంది, తీపి గ్లాసులోకి వస్తుంది. దాంట్లోనే 20 గ్రాముల చక్కెర, షాపువాళ్లు వేసే రెండు మూడు చెంచాల పంచదార అదనం. కాయ వొలిచి తింటే పది నిమిషాలు పట్టేది, రసమైతే నిమిషంలో దిగిపోతుంది. "షుగర్ లేకుండా కొట్టు బాబూ" అన్నంత మాత్రాన మిగతాది మారదు. సపోటా మిల్క్‌షేక్ ఇంకా కష్టం. సీసాల్లో వచ్చే మామిడి డ్రింకుల వెనక లేబుల్ తిప్పి 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో చదవండి, దాన్ని సీసా పరిమాణంతో లెక్కకట్టండి, ఆ తర్వాత మీరే దించేస్తారు. చెరకు రసం సంగతి చెప్పనక్కర్లేదు. కొబ్బరి నీళ్లు ఒక లేత బోండాం తాగొచ్చు, అయితే అవి కూడా ఒక చిన్న వాటా కిందికే వస్తాయి.

మామిడి తాండ్ర అంటే ఎండబెట్టిన మామిడి గుజ్జు, చాలా రకాల్లో బెల్లమో పంచదారో కలిపి ఉంటారు. నీళ్లు పోయి తీపి చిక్కబడింది కాబట్టి అగ్గిపెట్టె అంత ముక్కతో ఆపాలి. ఎండుద్రాక్ష 20 గ్రాములు, చిన్న ఖర్జూరాలు రెండు ఒక వాటా. రంజాన్ ఉపవాసం విప్పేటప్పుడు ఖర్జూరం తినేవాళ్లు ఒకటీ రెండుతో ఆపి, పక్కన ఉండే షర్బత్‌ను వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

నేరేడు షుగర్‌కి మందు అని మన ఊళ్లల్లో గట్టి నమ్మకం. పండు మంచిదే, వాటా మించకుండా తినండి. నేరేడు గింజల పొడి తాగుతున్నామని మాత్రలు ఆపేయడం మాత్రం ప్రమాదం.

మీ ఒంటికి ఏది పడుతుందో తేల్చుకోవడం

ఒకే బొప్పాయి ముక్క ఒకరికి 25 పెంచుతుంది, ఇంకొకరికి 70. ఇది తెలిసే దారి గ్లూకోమీటరు ఒక్కటే.

సాయంత్రం నాలుగున్నరకు, మధ్యాహ్నం తిని మూడు గంటలు దాటాక, ఒకసారి చూడండి. 180 దాటి ఉంటే ఆ రోజు పండు వద్దు. లేకపోతే తూచిన వాటా పండు మాత్రమే తినండి. టీ, బిస్కెట్లు కలపకండి, కలిపితే పెంచింది ఏదో తేలదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్న సమయం రాసుకుని, అక్కడి నుంచి రెండు గంటలకు మళ్లీ చూడండి. తేడా 30, 40 లోపు ఉంటే ఆ పండు, ఆ కొలత మీకు సరిపడినట్టు. 60 దాటితే వచ్చేసారి సగం తినండి. ఒక్కో పండును రెండు వేర్వేరు రోజుల్లో చూడండి. మంచి మీటర్లు కూడా 15 శాతం అటూ ఇటూ చూపించవచ్చు కాబట్టి పది అంకెల తేడాకు కంగారుపడొద్దు. నోట్‌బుక్‌లో తేదీ, పండు, గ్రాములు, ముందు, తర్వాత అని ఐదు గడులు గీసుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ పేజీలు చూపిస్తే మందు మార్చడం వాళ్లకూ సులువవుతుంది.

ఈ పరీక్షలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. బత్తాయి వొలిచిన చేత్తోనో, మామిడి కోసిన చేత్తోనో వేలు గుచ్చుతారు. వేలి చర్మం మీద మిగిలిన పండు రసం రక్తపు బొట్టులో కలిసి మీటరు ఏ 300కో ఎగబాకుతుంది. ఉన్న షుగర్ అది కాదు. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే సరిపోదు, ఆ తీపి పూర్తిగా పోదు. కుళాయి కింద సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడుచుకుని, అప్పుడు గుచ్చండి. అనుమానంగా ఎక్కువ చూపిస్తే మళ్లీ చేయి కడిగి వేరే వేలితో చూడండి.

స్ట్రిప్పులకు మన ఎండ పడదు. చాలా కంపెనీల డబ్బాల మీద 30 డిగ్రీల లోపు ఉంచమనే ఉంటుంది. మే నెలలో ఆగిన కారులోనో, వంటింట్లో పొయ్యి పక్కనో పెడితే అంకెలు తప్పుతాయి. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, డబ్బా మూత బిగించి ఉంచండి.

రాత్రి పళ్లు, ఉపవాసాలు

"రాత్రి అన్నం మానేశాం, పళ్లే తింటున్నాం" అనేది తేలిక భోజనంలా వినిపిస్తుంది. ఒక యాపిల్, రెండు అరటిపళ్లు, గిన్నెడు బొప్పాయి కలిపితే 70, 80 గ్రాముల పిండిపదార్థం, మాంసకృత్తులు దాదాపు లేవు. తొమ్మిదింటికి ఎగిరిన షుగర్ అర్ధరాత్రికి జారిపోతుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ అనే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు నిద్రలో చెమటలు పట్టి, గుండె దడతో మెలకువ వచ్చేది ఇలాంటి రాత్రుల్లోనే. రాత్రికి ఒక పెసరట్టో, పప్పుతో ఒకటి రెండు పుల్కాలో, ఉడికించిన గుడ్డో ఉండాలి. పండు దాని పక్కన ఒక వాటా.

కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉండేవాళ్లు రెండు రోజుల ముందే డాక్టర్ని అడిగి ఆ రోజు మాత్రల మోతాదు తేల్చుకోండి. ఉపవాసం పేరుతో పళ్లన్నీ ఒకేసారి కాకుండా మూడు నాలుగు గంటలకో వాటా, మజ్జిగ, గుప్పెడు పల్లీలు. 70 కన్నా తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపాలి. దేవుడు కోపగించుకోడు.

షుగర్ పడిపోయినప్పుడు పండు మీద ఆధారపడకండి, పీచు వల్ల ఆలస్యమవుతుంది. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగి పావుగంటకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం: ఆ మందు పంచదారను విడగొట్టనివ్వదు, కాబట్టి పంచదార నీళ్లు తొందరగా పనిచేయవు, గ్లూకోజే కావాలి. మీ మాత్రల అట్ట మీద ఆ పేర్లు ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు లెక్క వేరు

షుగర్‌తోపాటు రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు పొటాషియం చూసుకోవాలి. రిపోర్టులో అది ఎక్కువ ఉంటే కొబ్బరి నీళ్లు, అరటి, జామ, ఖర్జూరం, బత్తాయి, కమలా దూరం పెట్టమంటారు. యాపిల్, అనాస, నేరేడు లాంటి వాటిలో అది తక్కువ. స్టార్ ఫ్రూట్ మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఒక్క ముక్క కూడా తినకూడదు. అందులోని విషపదార్థాన్ని పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది. పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చే పళ్ల సంచి మీద ఇంట్లో ఒకరు కన్నేసి ఉంచాలి.

కొనేటప్పుడు

కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, ఎథిలీన్ వాయువుతో పరిమితిలో మగ్గబెట్టడానికి అనుమతి ఉంది. తొక్కంతా ఒకే పసుపు, లోపల గట్టిగా పుల్లగా, వాసన లేకుండా ఉన్న కాయ మీద అనుమానపడాలి. నమ్మకం కుదరకపోతే ముదిరిన పచ్చికాయలే కొని వరిగడ్డిలోనో కాగితాలు పరిచిన అట్టపెట్టెలోనో పెట్టుకోండి, నాలుగైదు రోజుల్లో మగ్గుతాయి. చిన్న కాయలు ఏరి తీసుకోండి, పెద్దది కోశాక సగం దాచడం ఎవరివల్లా కాదు.

బెసెంట్ రోడ్డులోనో, బ్రాడీపేటలోనో బండి మీద ముందే కోసి పెట్టిన ముక్కలు కొనకండి. షుగర్ ఉన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తిండి ఆగుతుంది, మాత్రలు లోపల ఉంటాయి, షుగర్ ఎటు పోతుందో తెలియదు. ఇంట్లో కోసినవైనా 32 డిగ్రీలు దాటిన ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, డబ్బా మీద గ్రాములు రాసి.